గోడలో వేసే వైరు, బల్ల మీద పెట్టే పెట్టె

(దిబ్బూరహళ్ళిలో జరిగిన మన ట్రస్టు స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో ఎవరో ఒకరు "బాగా చదవండి, పైకి రండి" అని చెప్తారు. ఈసారి నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారిని ఒకటే అడిగినాను. "అయ్యా, నాకు ఉపదేశాలు చేతకావు. కంప్యూటరు వైర్ల గురించి మాట్లాడవచ్చునా?" అని. ఆయన నవ్వి, "మాట్లాడండి, కానీ కరెంటు పోకముందే ముగించండి" అన్నారు. అలాగే ముగిస్తాను.

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి, 1983లో బ్యాంకులో గుమాస్తాగా చేరి, ముప్పైయెనిమిదేళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. అలాంటివాడికి నెట్‌వర్కు సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దాన్ని మీ అందరి ముందు ఒప్పుకోవాలని చాలా రోజులుగా అనుకొంటున్నాను. ఒప్పుకొని ఊరుకొంటే లాభం లేదు కాబట్టి, ఆ తప్పు మీ ఇంట్లో, మీ అంగడిలో, రేపు మీరు పెట్టబోయే ఆఫీసులో జరగకుండా ఉండే దారి కూడా చెప్తాను.

నేను పెట్టిన సంతకం

కొన్నేళ్ల క్రితం మన చదువుల గదికి నాలుగు కంప్యూటర్లు వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఇంటర్నెట్ పెట్టె ముందు ఆఫీసు గదిలో ఉంది. చదువుల గది పెరటి వైపు వేరే కట్టడం. మధ్యలో బయలు. వైరు పోయే దారి మొత్తం కలిపి 60 మీటర్లు. ఇద్దరి దగ్గర కొటేషన్లు తీసుకొన్నాము. తేడా 2,800 రూపాయలు. లెక్కలు చూసేవాణ్ణి నేనే కాబట్టి తక్కువ కొటేషన్ మీద టిక్కు పెట్టి సంతకం చేసినాను. ట్రస్టు దుడ్డు మిగిల్చినానని ఆ రోజు నాకు తృప్తిగా కూడా ఉండింది.

ఆ వైరు ఏ లోహంతో చేసింది అని నేను అడగలేదు. ఇంటి లోపల వాడే వైరును ఎండ తగిలే గోడ మీద, కరెంటు వైరుకు ఆనించి లాగినారు. పొడుగు చాలకపోతే రెండు ముక్కలు కలిపి, మెలిపెట్టి, టేపు చుట్టినారు. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. నాలుగు కంప్యూటర్లలోనూ నెట్ వచ్చింది. బిల్లు చెల్లించినాము.

రెండు వానాకాలాలు గడిచినాయి. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు అర్జీలకు ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం నుంచి వాన. ఇంకా నలుగురు పిల్లల అర్జీలు మిగిలి ఉన్నాయి. ఆదాయ ప్రమాణపత్రం, కుల ప్రమాణపత్రం, మార్కుల పట్టీ అన్నీ స్కాను చేసి సిద్ధంగా పెట్టుకొన్నారు. పంపితే సగానికి వచ్చి ఆగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి. నెట్ ఒక నిమిషం వస్తుంది, మరు నిమిషం పోతుంది. ఫోనులో ప్రయత్నం చేద్దామంటే ఆ గదిలో సిగ్నలు అంతంతమాత్రం. నేను ఇంటర్నెట్ వాళ్లకు ఫోను చేసి కోప్పడినాను. వాళ్లు "మా వైపు లైను సరిగ్గా ఉంది సార్" అంటే నమ్మలేదు. రాత్రి పన్నెండు లోపల ముగ్గురివి ఎలాగో పూర్తయినాయి. నాలుగో బిడ్డది కాలేదు. గడువు దాటిపోయింది.

మరుసటి రోజు డిప్లొమా చదివే అబ్బాయి ఒకడు వచ్చినాడు. ఏమీ మాట్లాడకుండా ఒక కంప్యూటరును ముందు గదికి మోసుకొని పోయి, నేరుగా ఇంటర్నెట్ పెట్టెకు తగిలించినాడు. నెట్ కాలువ మాదిరి పారుతోంది. ముందు రోజు రాత్రి కూడా అలాగే పారి ఉంటుంది. కంప్యూటరును ఆ నాలుగు అడుగులు మోసుకొని పోదామనే ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. చెడింది బయటి లైను కాదు. నేను సంతకం పెట్టిన వైరు.

ఆ ఏడు ఆ బిడ్డ ఫీజును ట్రస్టు తన నిధిలోంచి కట్టింది. అయినా ప్రభుత్వం ఇచ్చేది ఆ బిడ్డ హక్కు, మనం ఇచ్చింది సాయం. హక్కు పోగొట్టి సాయం చేతిలో పెట్టడం గొప్ప కాదు. ఆమె అనుమతి తీసుకొనే ఈ సంగతి చెప్తున్నాను. పేరు మాత్రం చెప్పను.

బ్యాంకులో చూసి కూడా

నిజానికి ఈ పాఠం నాకు ఎప్పుడో వచ్చి ఉండాలి. నేను ఉద్యోగంలో చేరిన 1983లోనే, సెప్టెంబరు నెలలో, యంత్రాల వాడకం మీద బ్యాంకు యాజమాన్యాలకు, ఉద్యోగ సంఘాలకు ఒప్పందం కుదిరింది. 1984లో డాక్టర్ సి. రంగరాజన్ అధ్యక్షతన కమిటీ బ్యాంకుల్లో కంప్యూటర్ల వాడకం గురించి నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత బ్రాంచిలకు లెడ్జరు పోస్టింగు యంత్రాలు వచ్చినాయి. అవి దేనికదే, ఒకదానితో ఒకటి మాట్లాడవు. యంత్రాలను కలిపే వైరు ఆ వెనుక వచ్చింది.

అది టీవీ కేబుల్ మాదిరి గుండ్రంగా ఉండే నల్ల వైరు. ఒకటే వైరు అన్ని కంప్యూటర్ల వెనుక నుంచి వరుసగా పోతుంది. దాని రెండు చివర్లలో 50 ఓముల బిరడాలు బిగించాలి. పొద్దున కసువు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఒక బిరడా వదులైతే చాలు, బ్రాంచి మొత్తం నిలిచిపోయేది. కౌంటరు ముందు జనం, బల్లల కింద మేము. ఒక్కో జాయింటూ కదిలించి చూస్తూ పోవాలి.

తర్వాత మంచి పద్ధతి వచ్చింది. నడిమధ్య ఒక పెట్టె, దాని నుంచి ప్రతి కంప్యూటరుకూ వేరువేరు వైరు. ఒక వైరు చెడితే ఒక్కరికే నష్టం. మెలిపెట్టిన సన్న వైర్ల మీద ఇలా నడిచే ఏర్పాటుకు 1990లో ప్రమాణం వచ్చింది. ఈథర్‌నెట్ అనే పేరు అంతకంటే పాతది. 1973లో అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్కాఫ్ పెట్టినది. ఇప్పుడు మన ఇళ్లలో, ఆఫీసుల్లో ఉండేది ఈ నడిమి పెట్టె పద్ధతే.

వైరు మంచిదైతే బ్రాంచి నడుస్తుంది, వైరు చెడితే మేనేజరు కూడా బల్ల కింద దూరుతాడు. ఇది కళ్లారా చూసి కూడా నేను 2,800 రూపాయల దగ్గర మోసపోయినాను.

ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి

ఇక్కడ కామర్సు పిల్లలు చాలామంది ఉన్నారు. క్యాపిటల్ ఖర్చు, రెవెన్యూ ఖర్చు అని మొదటి ఏడే చదువుతారు. చాలా ఏళ్లు ఫలితం ఇచ్చేది క్యాపిటల్ ఖర్చు; ఆ సంవత్సరంతో తీరిపోయేది రెవెన్యూ ఖర్చు. నెట్‌వర్కుకు కూడా ఈ కన్నుతోనే చూడండి. గోడలో, పైపులో పోయే వైరు పదిహేను, ఇరవై ఏళ్లు అక్కడే ఉంటుంది. దాన్ని మార్చాలంటే గోడ పగలగొట్టాలి. అది అసలైన క్యాపిటల్ ఖర్చు. బల్ల మీద ఉండే రూటరు, స్విచ్చి కొన్నేళ్లకు పాతబడతాయి; ఊడదీసి కొత్తవి పెట్టడానికి పది నిమిషాలు చాలు. ఆడిటరు వాటిని కూడా ఆస్తి కిందనే రాస్తాడు, ఆ మాట వేరే. మన మనసులో మాత్రం వాటిని ఏటేటా తీరిపోయే ఖర్చుగానే చూడాలి.

కాబట్టి దుడ్డు చాలకపోతే పెట్టెలో తగ్గించండి, వైరులో తగ్గించవద్దు. మనవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు. నాలుగు కొమ్ములున్న రూటరును చూసి మురిసిపోయి కొంటారు. వైరు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి లాగప్పా" అంటారు.

ఇంకొక మాట. పల్లెల్లోని గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు తేవాలని కేంద్ర ప్రభుత్వం 2011లో నిర్ణయించింది. తర్వాత ఆ పథకానికే భారత్‌నెట్ అని పేరు పెట్టినారు. ప్రభుత్వమూ కంపెనీలూ దేశమంతటా భూమి తవ్వి, స్తంభాలు ఎక్కి గాజు పోగులు లాగినారు. ఎక్కడి నుంచో వెలుగు రూపంలో వచ్చే సమాచారం మన గడప దాకా వస్తుంది. గడప నుంచి బల్ల దాకా ఉండే 60 మీటర్లు మాత్రం మన బాధ్యత. ఆ రాత్రి మన దగ్గర తప్పిపోయింది ఆ 60 మీటర్లే.

వైరు లోపల ఏముంది

శిడ్లఘట్ట పక్కన పుట్టినవాళ్లకు పురి అంటే ఏమిటో నేను చెప్పనక్కర లేదు. పట్టు పోగులు కలిపి పురి వేస్తే దారం గట్టిపడుతుంది. నెట్‌వర్కు వైరు తొడుగు చీల్చి చూస్తే లోపల 8 పోగులు, రెండేసి చొప్పున 4 జతలుగా పురి వేసి ఉంటాయి. ఇక్కడ పురి గట్టిదనానికి కాదు, రొద పోగొట్టడానికి. జతలో ఒక పోగు మీద ఒక సంకేతం పోతే, రెండో పోగు మీద దానికి సరిగ్గా వ్యతిరేకమైనది పోతుంది. పక్కన మోటారో, ట్యూబులైటో రొద పెడితే, పురి ఉండటం వల్ల అది రెండు పోగుల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది. అవతలి కొనలో ఉన్న పెట్టె రెండింటి మధ్య తేడాను మాత్రమే చూస్తుంది. సమానంగా పడినది తేడాలో కనబడదు. జమ వైపూ ఖర్చు వైపూ ఒకే మొత్తం కలిపితే నిల్వ మారదు కదా, అదే లెక్క. టెలిఫోనుకు పేటెంటు తీసుకొన్న గ్రాహంబెల్ 1881లోనే ఈ పురి జతకు కూడా పేటెంటు తీసుకొన్నాడు.

ఇక రకాలు. అంగడిలో క్యాట్-5ఇ, క్యాట్-6, క్యాట్-6ఎ అని పేర్లు వినిపిస్తాయి. అంకె పెరిగేకొద్దీ ఎక్కువ వేగాన్ని మోస్తుంది. క్యాట్-5ఇ వైరు 100 మీటర్ల దాకా సెకనుకు ఒక గిగాబిట్టు మోస్తుంది. మన ఇళ్లకు ఇది చాలు. క్యాట్-6 సుమారు 55 మీటర్ల దాకా 10 గిగాబిట్లు మోయగలదు. క్యాట్-6ఎ అదే వేగాన్ని 100 మీటర్లూ మోస్తుంది, కానీ లావు ఎక్కువ, వంచడం కష్టం. కాబట్టి ఇంట్లో ఇప్పటికే మంచి క్యాట్-5ఇ ఉంటే పీకవద్దు. కొత్త ఇల్లు కడుతుంటే క్యాట్-6 వేయండి. "క్యాట్-8 ఉంది, తీసుకోండి సార్" అని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. అది 30 మీటర్ల లోపల పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాల్లో వాడేది.

వేగం లెక్కలో పిల్లలు కూడా పొరబడేది ఒకటుంది. కంపెనీలు చెప్పేది బిట్లలో, మన ఫైళ్లు ఉండేది బైట్లలో. 8 బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్ల కనెక్షను అంటే సెకనుకు ఎక్కువలో ఎక్కువ 12.5 మెగాబైట్లు. వైరు మీద నింద వేసేముందు 8తో భాగించి చూడండి.

రాగి కాని రాగి

ఇదిగో, ఇది ఆ పాత వైరు ముక్క. వెనక్కి పంపండి, అందరూ చూడండి. పైకి రాగి రంగు. నేను బ్లేడుతో గీకిన చోట చూడండి, తెల్లగా ఉంది. అది అల్యూమినియం. పైన రాగి పూత మాత్రమే. అంగడిలో దీన్ని సి.సి.ఎ. అంటారు. డబ్బా మీద కొందరు ఆ మూడు అక్షరాలు చిన్నగా వేస్తారు, కొందరు వేయనే వేయరు. నెట్‌వర్కు వైరుకు ఉన్న ప్రమాణం పూర్తి రాగినే అడుగుతుంది. పూత వైరు మీద క్యాట్-6 అని అచ్చు వేసినా అది క్యాట్-6 కాదు. గిల్టు నగ మీద హాల్‌మార్కు ముద్ర కొట్టినట్టు.

అల్యూమినియం విద్యుత్తును రాగి కంటే తక్కువగా మోస్తుంది. రాగిలో సుమారు 60 శాతం. ఊరికే విరుగుతుంది. పూత లేచిన చోట తేమ తగిలితే తినుకుపోతుంది. కెమెరాకు ఆ వైరులోనే కరెంటు కూడా పంపే ఏర్పాటు ఉంటే ఎక్కువ వేడెక్కుతుంది. కొనేటప్పుడు నాలుగు పరీక్షలు చేయండి.

ఒకటి, "పూర్తి రాగి" అని బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనుకాడితే అక్కడే తెలిసిపోతుంది. రెండు, పోగును బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగానే ఉండాలి. మూడు, బరువు చూడండి. అల్యూమినియం బరువు రాగిలో మూడో వంతు కూడా ఉండదు. 305 మీటర్ల డబ్బాలు రెండు రకాలవీ చేతికెత్తితే తేడా చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. నాలుగు, పోగును అటూ ఇటూ వంచి చూడండి. అల్యూమినియం కొద్ది మెలికలకే పుటుక్కుమంటుంది.

ఇదివరకే వేసిన వైరును అనుమానిస్తే మల్టీమీటరుతో కొలవవచ్చు. రెండు వైపులా పెట్టెల నుంచి ఊడదీయండి. అవతలి కొనలో ఒక జతలోని రెండు పోగులను కలపండి. ఇవతల ఆ రెండింటి మధ్య ఓములు కొలవండి. ప్రమాణం ప్రకారం 100 మీటర్లకు ఒక్కో పోగు 9.38 ఓములు దాటకూడదు. మన దారి 60 మీటర్లు. పోవడం, రావడం కలిపి 120. అంటే 11 చిల్లర ఓముల లోపల రావాలి. మన పాత వైరు 17 చూపించింది. ఒక మీటరు, ఒక భాగహారం. ముందే చేసి ఉంటే ఆ బిడ్డకు ఏడాది స్కాలర్‌షిప్పు పోయేది కాదు.

వైరు పోయే దారి

పెట్టె నుంచి పెట్టెకు మొత్తం 100 మీటర్లు దాటకూడదు. అందులో గోడలో పోయేది 90, రెండు వైపులా బల్ల దగ్గర వాడే ముక్కలు కలిపి 10. గోడలోకి గట్టి పోగు వైరు వాడండి. బల్ల దగ్గర అటూ ఇటూ కదిలే చోట, సన్న పోచలు కలిపి చేసిన మెత్తని ముక్కలు వాడండి.

కరెంటు వైరున్న పైపులో దీన్ని దూర్చవద్దు. పక్కపక్కనే పోవలసి వస్తే ఒక అడుగు ఎడం ఉంచండి. దాటవలసి వస్తే అడ్డంగా, మూలమట్టంగా దాటించండి. మధ్యలో ముక్కలు కలపడం, టేపు చుట్టడం ఎంతమాత్రం వద్దు. పొడుగు చాలకపోతే కొత్త వైరు లాగండి. బిగించి కట్టవద్దు, మడత పెట్టవద్దు. ఒకటి చాలనుకొన్న చోట రెండు లాగండి. కూలి ఒక్కసారే కదా. పైపులో ఒక నైలాను దారం కూడా వదిలిపెట్టండి. రేపు ఇంకో వైరు లాగడానికి అదే ఆధారం.

ఇంటి లోపల వాడే వైరు తొడుగు ఎండకు పెళుసై పగులుతుంది. బయట వేసేదైతే బయటకని చేసిన నల్ల తొడుగు వైరే కొనండి. రెండు వేరువేరు కట్టడాల మధ్య అయితే రాగి వైరే వద్దంటాను. ఎండాకాలం చివర మామిడి వానల్లో మన వైపు పిడుగులు ఎలా పడతాయో మీకు తెలుసు. దగ్గరలో పిడుగు పడితే బయట ఉన్న రాగి వైరు మీదుగా లోపలి పెట్టెలన్నీ కాలిపోవచ్చు. రెండు కట్టడాల మధ్య ఫైబరు వేయండి. అది గాజు, కరెంటును మోయదు. రెండు చివర్లలో చిన్న మార్పిడి పెట్టెలు పెడితే చాలు. ఇప్పుడు మన చదువుల గదికి పోయేది ఫైబరే, పైపులో, భూమి లోపల.

రెండు కొనలూ సరిపోవాలి

వైరు కొన కట్టడం పెద్ద విద్య కాదు. కావలసింది ఓపిక. ఎడమ నుంచి కుడికి ఈ వరుస రాసుకోండి: నారింజ చారల తెలుపు, నారింజ, ఆకుపచ్చ చారల తెలుపు, నీలం, నీలం చారల తెలుపు, ఆకుపచ్చ, గోధుమ చారల తెలుపు, గోధుమ. దీన్ని టి-568బి అంటారు. ఇంకొక వరుస కూడా ఉంది, టి-568ఎ అని. ఏదైనా తప్పు కాదు. రెండు కొనల్లోనూ ఒకటే ఉండాలి. ఇది జంట పద్దు లెక్క. డెబిట్టు ఒక చోట రాస్తే క్రెడిట్టు ఇంకో చోట అదే మొత్తానికి ఉండాలి. పురిని అర అంగుళం కంటే ఎక్కువ విప్పవద్దు. పై తొడుగు ప్లగ్గు లోపలికి పోయి బిగియాలి. పోగులు బయట కనబడుతుంటే ఆ కొన నిలవదు.

ఇక్కడ ఒక మోసం ఉంది. కొందరు "రంగులతో పనేమి, రెండు వైపులా ఒకే మాదిరి పెడితే సరి" అని జతలను జతలుగా చూడకుండా వరసగా పేర్చేస్తారు. చిన్న టెస్టరు పెడితే ఎనిమిది దీపాలూ వెలుగుతాయి. అయినా నెట్ కుంటుతుంది. ఎందుకంటే 3వ పిన్నూ 6వ పిన్నూ ఒకే జతవి కావాలి. వరసగా పేరిస్తే వేరువేరు జతల పోగులు కలిసి పనిచేయవలసి వస్తుంది. పురి వల్ల వచ్చే మేలు పోతుంది. ట్రయల్ బ్యాలెన్సు టాలీ అయినంత మాత్రాన లెక్కలో తప్పు లేదని కాదు కదా! జమ సరైన మొత్తానికే రాసి, వేరే ఖాతాలో వేసినా టాలీ అవుతుంది. ఇది కూడా అంతే.

ప్రతి వైరుకూ రెండు కొనల్లో ఒకే నంబరు చీటీ అంటించండి. ఏ నంబరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఒక కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో పాటు ఉంచండి. లెడ్జరుకు ఫోలియో ఎలాగో ఇది అలాగ.

నెట్ పోతే మొదట చేయవలసింది

ఎవరి మీదా కోప్పడకముందు ఒక కంప్యూటరును ఇంటర్నెట్ పెట్టె దగ్గరికి మోసుకొని పోయి, చిన్న వైరుతో నేరుగా తగిలించండి. అక్కడ నెట్ వస్తే తప్పు మన ఇంట్లోనే. రాకపోతే అప్పుడు కంపెనీకి ఫోను చేయండి. అత్యవసరమైన పని ఉంటే అక్కడే కూర్చొని చేసుకోండి, మరమ్మతు రేపు చూసుకోవచ్చు.

తప్పు లోపలే ఉంటే ఒక్కొక్క ముక్కే మార్చి చూడండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది చెడిందో తెలియదు. గిగాబిట్టు రావలసిన చోట కంప్యూటరు 100 మెగాబిట్లే చూపిస్తే, ఎక్కడో పోగు ఒకటి అంటుకోలేదేమో అని కొనలు చూడండి. 100కు రెండు జతలు చాలు, గిగాబిట్టుకు నాలుగు జతలూ కావాలి. ఉన్నట్టుండి ఆఫీసు మొత్తం నిలిచిపోతే, ఒకే వైరు రెండు కొనలూ ఎవరైనా ఒకే స్విచ్చిలో పెట్టినారేమో చూడండి. చిన్న స్విచ్చిల్లో అలా పెడితే సమాచారం సుళ్లు తిరిగి మొత్తం ఆగిపోతుంది. రెండో గదికి ఇంకో రూటరు తెచ్చి పెడితే, చిరునామాలు పంచే పని ఒక్క రూటరుకే వదిలి, రెండో దానిలో ఆపండి. ఇంటికి ఇద్దరు యజమానులు ఉంటే ఏమవుతుందో పెద్దలకు తెలుసు.

వైఫై ఉండగా వైరు ఎందుకని అడుగుతారు. ఫోనుకు వైఫై చాలు. కదలకుండా ఒకచోట ఉండే కంప్యూటరు, ప్రింటరు, టీవీ, కెమెరా మాత్రం వైరు మీద ఉండటం మేలు. అయినా గోడలు దాటి మూల గదికి వైఫై చేరాలంటే, ఆ గది దగ్గర ఇంకో వైఫై పెట్టె పెట్టాలి. దానికి బలంగా నెట్ చేర్చేది మళ్లీ వైరే. కరెంటు పోయినప్పుడు రూటరు, ఫైబరు పెట్టె, మధ్యలో స్విచ్చి అన్నింటికీ బ్యాటరీ ఉండాలి. ఒకదానికే ఉంటే లాభం లేదు.

చివరి మాట

తల్లిదండ్రులకు ఒక మనవి. మీరు ఇల్లు కడుతుంటే కరెంటు పైపులతో పాటు దీనికి కూడా ఒక పైపు వేయించండి. పిల్లల అర్జీలు, హాల్ టికెట్లు, ఫలితాలు, ఆఖరికి మన పహణి కూడా ఈ దారినే వస్తున్నాయి. ఆఖరి రోజు దాకా ఆగవద్దని కూడా చెప్తాను. అయితే ఆగిన ప్రతివాడూ సోమరి కాడు. కొన్నిసార్లు ప్రమాణపత్రమే ముందు రోజు చేతికి వస్తుంది. అలాంటి బిడ్డకు ఆ ఒక్క సాయంత్రం నమ్మకమైన వైరు కావాలి.

పిల్లలారా, మన ట్రస్టు ఒక క్రింపింగు కత్తెర, ఒక టెస్టరు, ఒక మల్టీమీటరు కొని చదువుల గదిలో పెట్టింది. ఆ దుడ్డు 2,800 రూపాయల లోపే అయింది. ఆ డిప్లొమా అబ్బాయి నేర్పుతానన్నాడు. నేను కూడా ఆయన దగ్గరే నేర్చుకొన్నాను. మొదటి ఆరు కొనలు పాడు చేసినాను, ఏడోది నిలిచింది. స్కాలర్‌షిప్పు తీసుకొన్న ప్రతి ఒక్కరూ ఒక్క కొనైనా కట్టడం నేర్చుకొని పోండి. నలుగురికి పనికొచ్చే విద్య, అవసరమైతే నాలుగు రూపాయలు తెచ్చే విద్య కూడా.

పాత వైరు ముక్క వెనక వరసకు చేరిందా? చూసినాక తిరిగి ఇవ్వండమ్మా. దాన్ని ఆ కొటేషన్ కాగితానికి కట్టి ఫైలులో ఉంచుతాను. రేపు నా స్థానంలో లెక్కలు చూడటానికి వచ్చేవారు సంతకం పెట్టేముందు ఒకసారి చూడాలి.

 కరెంటు ఇంకా ఉంది. సెలవు, నమస్కారం.